ఎథిక్స్, ఎస్సే పేపర్లు బోధించే అధ్యాపకులకు: ఆ మాట ఎవరన్నారో కూడా చెప్పండి

గౌరవనీయులైన అధ్యాపకులకు నమస్కారం.

సివిల్స్ మెయిన్స్‌లో ఎథిక్స్ పేపర్, ఎస్సే పేపర్, గ్రూప్-1లో ఎస్సే చెప్పే మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. ఏ ఒక్క కోచింగ్ సెంటర్‌నో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాబట్టి, తెలిసిన పిల్లలు ఎస్సేలు, ఆన్సర్ షీట్లు తెచ్చి చూడమంటారు. ఎవరి కాగితం చూసినా అందులో ఒకటి మాత్రం తప్పకుండా ఉంటుంది. పేజీ పైభాగంలో బాక్స్ కట్టి, కింద నీలం ఇంకుతో గీత గీసి, ఒక రోమన్ రచయిత మాట. "చరిత్ర జీవితానికి గురువు - సిసెరో." "స్వేచ్ఛగా ఉండటానికే మనమంతా చట్టానికి దాసులం - సిసెరో." "కాపలావాళ్లకు కాపలా ఎవరు? - జువెనల్." "రాజ్యం ఎంత చెడితే చట్టాలు అంత పెరుగుతాయి - టాసిటస్." మాట, పక్కన పేరు. ఆ కింది లైన్ నుంచి మామూలు ఎస్సే మొదలవుతుంది.

పిల్లల్ని తప్పుపట్టను. మెటీరియల్‌లో ఎలా ఇస్తే అలాగే రాస్తారు. నా విన్నపం మీకే. ఆ మాటల్ని అలా విడిగా తుంచి ఇవ్వకండి. అన్నది ఎవరు, ఎవరి ముందు అన్నాడు, అప్పుడు అతనికి దేని మీద ఆశ, ఎవరంటే భయం అన్నది కూడా చెప్పండి. మనిషి స్వభావం గురించి, స్వేచ్ఛ గురించి, చరిత్ర గురించి రోమన్ల దగ్గర నేర్చుకోవాల్సిన అసలు విషయం మనం వదిలేస్తున్న ఆ భాగంలోనే ఉంది.

జువెనల్ సంగతి ముందు చెప్పి ముందుకెళ్తాను. "కాపలావాళ్లకు కాపలా ఎవరు" అన్న వాక్యాన్ని పిల్లలు లోక్‌పాల్ గురించీ, పోలీసు సంస్కరణల గురించీ రాసేటప్పుడు వాడతారు. ఆ వాక్యం ఉన్నది అతని ఆరో వ్యంగ్య కావ్యంలో. ఆడవాళ్లను నానా మాటలూ అన్న కావ్యం అది. భార్య మీద నమ్మకం లేక ఇంటికి కాపలా పెట్టుకునే భర్త గురించి ఆ మాట పుట్టింది. దాన్ని పాలనకు అన్వయించడం తప్పు కాదు, ప్రపంచమంతా అన్వయించుకుంది. కానీ జువెనల్ ప్రజాస్వామ్యం గురించి ఆలోచించి ఆ మాట అన్నాడని పిల్లలు నమ్మితే మాత్రం, మనం వాళ్లకు అబద్ధం నేర్పినట్టే.

రోమన్ వక్త, రాజకీయవేత్త సిసెరో దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. "చట్టానికి దాసులం" అన్న మాట క్రీ.పూ. 66లో కోర్టులో పుట్టింది. క్లుయెంటియస్ అనే అతను సవతి తండ్రికి విషం పెట్టించాడని కేసు. అతని తరఫున వాదించింది సిసెరో. అంతకు ఎనిమిదేళ్ల ముందు క్లుయెంటియస్ ఆ సవతి తండ్రి మీద కేసు వేసి గెలిచాడు. అప్పుడు జడ్జీలకు లంచాలు ముట్టాయని రోమ్ అంతా చెప్పుకుంది. ఆ మచ్చ ఇంకా పోలేదు. సిసెరో చేసిన వాదనల్లో ఒకటి ఏమిటంటే, తీర్పును లంచంతో కొనడం మీద ఉన్న చట్ట నిబంధన సెనేటర్లకే వర్తిస్తుంది, నా క్లయింటు సెనేటర్ కాదు కాబట్టి అతనికి వర్తించదు అని. అందరికీ ఒకే చట్టం ఉండాలి కదా అని జడ్జీలకు అనిపిస్తుందని అతనికి తెలుసు. అందుకే, చట్టంలో అక్షరం ఎలా ఉంటే అలా నడుచుకోవాల్సిందే, మన స్వేచ్ఛకు పునాది అదే అంటూ ఆ గొప్ప వాక్యం అన్నాడు. లంచం ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి టెక్నికల్ మినహాయింపు ఇప్పించడానికి పలికిన వాక్యం అది. ఆ కేసులో జడ్జీల కళ్లకు చీకటి కమ్మించానని సిసెరో తర్వాత గొప్పగా చెప్పుకున్నాడని వక్తృత్వం బోధించిన రోమన్ గురువు క్వింటిలియన్ రాశాడు.

ఇది తెలిశాక ఆ వాక్యం విలువ తగ్గిపోతుందా? తగ్గదనే నేను నమ్ముతాను. ఎందుకంటే అదే సిసెరో, సీజర్ హత్య తర్వాత మార్క్ ఆంటొనీ బలం పెంచుకుంటున్నప్పుడు, అరవై దాటిన వయసులో సెనేట్‌లో నిలబడి అతనికి ఎదురు మాట్లాడాడు. పద్నాలుగు ప్రసంగాలు మనదాకా వచ్చాయి. క్రీ.పూ. 43 డిసెంబర్ 7న సైనికులు అతన్ని చంపి, తలనూ చేతినీ తెచ్చి, ఫోరం అనే రోమ్ నగర కూడలిలో అతను ఉపన్యాసాలిచ్చిన వేదిక మీదే పెట్టారు. చట్టాన్ని తెలివిగా వంచినవాడూ, చట్టం లేని అధికారాన్ని ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్నవాడూ ఒక్కడే. మనిషి స్వభావం గురించి ఇంతకన్నా మంచి కేస్ స్టడీ మీ దగ్గర ఇంకేం ఉంటుంది?

"చరిత్ర జీవితానికి గురువు" అన్న మాట వెనక కథ ఇంకా గాఢమైనది. అది క్రీ.పూ. 55లో సిసెరో రాసిన 'వక్త గురించి' అన్న సంభాషణ గ్రంథంలో ఉంది. అక్కడ మాట్లాడుతున్నది సిసెరో కాదు, ఆంటొనియస్ అనే పాత తరం వక్త. చరిత్ర కాలానికి సాక్షి, సత్యానికి వెలుగు, జీవితానికి గురువు, దాన్ని చిరకాలం నిలబెట్టేది వక్త గొంతు తప్ప మరేమిటి అని అతను అడుగుతాడు. అంటే అది వక్తృత్వ కళను పొగిడే సందర్భం. ఆ ఆంటొనియస్‌ను క్రీ.పూ. 87లో అంతర్యుద్ధం రోజుల్లో చంపి, తలను ఫోరం వేదిక మీద పెట్టారు. ఆ సంగతి సిసెరో అదే గ్రంథం మూడో భాగం మొదట్లో తలుచుకుని బాధపడ్డాడు. ఆ గ్రంథం రాసి పన్నెండేళ్లు తిరిగేసరికి సిసెరో తలా అదే వేదిక మీదికి చేరింది. చేర్చింది ఎవరు? ఆ వక్త ఆంటొనియస్ మనవడే, మార్క్ ఆంటొనీ. తాత తల ఎక్కడ పెట్టారో ఆ మనవడికి తెలియదా? చరిత్ర గురువే కావచ్చు. కానీ పాఠం విన్నవాళ్లంతా నేర్చుకోరు. చరిత్ర మీద ఎస్సే రాసే అభ్యర్థి ఆ వాక్యంతో పాటు ఈ సంగతి కూడా రాస్తే, అది నిజంగా చదివే ఎస్సే అవుతుంది.

ఇక ఎథిక్స్ పేపర్ సంగతి. అందులో రోమన్ తత్వవేత్త సెనెకా మాటలు చాలా వాడతారు. బానిసల గురించి అతని 47వ ఉత్తరం నిజంగా గొప్పది. వాళ్లు బానిసలు అంటావా, కాదు, మనుషులు; నువ్వు బానిస అని పిలిచేవాడూ నీలాగే పుట్టాడు, నీలాగే ఊపిరి పీలుస్తాడు, నీలాగే చచ్చిపోతాడు అంటాడు. ఇది అతని చివరి ఏళ్లలో రాసింది. దీని పక్కన క్రీ.శ. 61లో జరిగిన ఒక ఘటన పెట్టి చదివించండి.

ఆ ఏడాది రోమ్ నగర ప్రిఫెక్ట్, అంటే నగర పాలనాధికారి, పెడానియస్ సెకుండస్‌ను అతని ఇంటి బానిస ఒకడు చంపాడు. యజమానిని బానిస చంపితే ఆ కప్పు కింద ఉన్న బానిసలందరినీ చంపాలన్నది పాత ఆచారం. ఆ ఇంట్లో ఉన్న బానిసలు 400 మంది. వాళ్లలో ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఆ హత్యతో సంబంధమే లేదు. ఊళ్లో జనం పోగై అడ్డుపడ్డారు. సెనేట్‌లోనూ కొందరికి మనసొప్పలేదు. అప్పుడు గాయస్ కాసియస్ లాంగినస్ లేచాడు. మామూలు మనిషి కాదు, ఆ కాలంలో పేరుమోసిన న్యాయశాస్త్రవేత్త. అతని వాదనను చరిత్రకారుడు టాసిటస్ రాసిపెట్టాడు. భయం లేకపోతే ఇంతమందిని అదుపులో పెట్టలేం, పెద్ద శిక్ష ఏదైనా అందులో కొంత అన్యాయం ఉంటుంది, ఒక్కొక్కరికి జరిగే ఆ అన్యాయాన్ని అందరికీ కలిగే మేలు తీరుస్తుంది అన్నాడు.

తర్వాత జరిగింది చూడండి. అతనికి ఎదురు లేచి మాట్లాడటానికి ఏ ఒక్కరికీ ధైర్యం చాలలేదు. గొణుగుడు మాత్రం వినిపించింది: అయ్యో ఇంతమందా, పసివాళ్లు కూడానా, తప్పు చేయనివాళ్లే ఎక్కువ కదా అని. జాలి అందరికీ ఉంది. లేచి నిలబడి వాదించినవాడు లేడు. చంపాలన్న పక్షమే నెగ్గింది. జనం రాళ్లు, కాగడాలు పట్టుకుని అడ్డం వస్తే, చక్రవర్తి నీరో వాళ్లను మందలిస్తూ ప్రకటన ఇచ్చి, బానిసల్ని తీసుకెళ్లే దారికి ఇరువైపులా సైనికుల్ని నిలబెట్టాడు. నాలుగు వందల మందినీ చంపేశారు.

అప్పటికి నీరోకు ముఖ్య సలహాదారు సెనెకా. ఈ మొత్తం కథనంలో సెనెకా మాట ఒక్కటి కూడా టాసిటస్ రాయలేదు.

దీన్ని సెనెకాను కించపరచడానికి చెప్పడం లేదు. ఆ ఉత్తరంలోని మాట నిజం, దాన్ని నేను తలదాల్చుకుంటాను. కానీ రేపు జిల్లాకు వెళ్లే పిల్లలకు ఆ ఉత్తరం ఒక్కటే సరిపోదు. కాసియస్ వాదన ఇవాళా వినిపిస్తుంది. శాంతిభద్రతల పేరుతో వినిపిస్తుంది, "ఇద్దరు ముగ్గురు అమాయకులు పోయినా వ్యవస్థ నిలబడాలి" అన్న రూపంలో వినిపిస్తుంది. దాన్ని అనేవాడు దుర్మార్గుడిలా ఉండడు, చట్టం బాగా చదువుకున్న పెద్దమనిషిలా ఉంటాడు. మీటింగ్ హాల్లో మిగతావాళ్లు గొణుగుతుంటారు. ఆ క్షణంలో లేచి నిలబడటం ఎలా అన్నది మీ క్లాసులో చర్చకు రావాలి.

ఇప్పుడు నేను అందరికన్నా ఎక్కువగా ప్రేమించే టాసిటస్ దగ్గరికి వస్తాను. పిల్లలు రాసే మరో మాట కూడా అతనిదే: "అంతా ఎడారి చేసి, దానికి శాంతి అని పేరు పెడతారు." యుద్ధం మీద ఏ ప్రశ్న వచ్చినా ఇది పడుతుంది. ఆ మాట అన్నది రోమన్ కాదు. ఉత్తర బ్రిటన్‌లో రోమన్ సైన్యాన్ని ఎదుర్కోబోతున్న కాల్గకస్ అనే నాయకుడి నోట టాసిటస్ పెట్టిన ప్రసంగంలోది. ఆ యుద్ధంలో రోమన్ సేనాని ఎవరు? టాసిటస్ మామగారు, అగ్రికోలా. అంటే క్రీ.శ. 98లో మామగారి జీవితచరిత్ర భక్తితో రాస్తూ, ఆయన ఓడించిన శత్రువు నోటితో తమ సామ్రాజ్యాన్ని అంత ఘాటుగా తిట్టించాడు. అదే పుస్తకంలో అగ్రికోలా బ్రిటన్‌లో గుళ్లు, ఇళ్లు కట్టించాడని, నాయకుల పిల్లలకు లాటిన్ చదువు చెప్పించాడని మెచ్చుకుంటూనే, స్నానశాలలకూ విందులకూ అలవాటుపడి అక్కడివాళ్లు దాన్ని నాగరికత అనుకున్నారు, నిజానికి అది వాళ్ల బానిసత్వంలో ఒక భాగం అని రాశాడు. సొంత మామగారి పాలన గురించి ఇలా రాయగల నిజాయితీ ఎంతమందికి ఉంటుంది?

ఈ నిజాయితీ ఎక్కడి నుంచి వచ్చిందో మీ విద్యార్థులకు తెలియాలి. టాసిటస్ ఒక అధికారి. డొమిషియన్ చక్రవర్తి కింద, క్రీ.శ. 88లో ప్రీటర్ అనే ఉన్నత న్యాయాధికారి పదవి చేశాడు. తన ఉద్యోగ జీవితాన్ని పెంచినవాళ్లలో డొమిషియన్ కూడా ఒకడని తనే రాసుకున్నాడు. డొమిషియన్ పాలన పదిహేనేళ్లు సాగింది. చివరి ఏళ్లలో మంచివాళ్లను పొగుడుతూ రాసిన పుస్తకాలను ఫోరంలో కాల్చారు, రాసినవాళ్లను చంపారు. ఆ కాలాన్ని తలుచుకుంటూ అతనన్న మాటలు నాకు ఎప్పుడు చదివినా గుండె బరువెక్కుతుంది. నోరు మూసుకోవడం మన చేతిలో ఉన్నట్టు మరిచిపోవడం కూడా మన చేతిలో ఉండి ఉంటే, గొంతుతో పాటు జ్ఞాపకాన్నీ పోగొట్టుకునేవాళ్లం అంటాడు. ఇంకా ముందుకెళ్లి మనిషి గురించి భయపెట్టే సంగతి ఒకటి చెబుతాడు. మొదట్లో మనకు అసహ్యంగా ఉన్న సోమరితనమే చివరికి ఇష్టమైపోతుంది అని. స్వేచ్ఛను గుంజుకునేవాడి కన్నా, అది లేకుండా బతకడానికి హాయిగా అలవాటుపడిపోయే మన గుణమే అతన్ని ఎక్కువ కలవరపెట్టింది. టైబీరియస్ గద్దెనెక్కినప్పుడు అత్యున్నత అధికారులైన కాన్సుల్స్, సెనేటర్లు, వాళ్ల తర్వాతి వర్గమైన ఈక్వెస్ట్రియన్లు బానిసత్వంలోకి పరుగెత్తారని తర్వాత రాసిందీ ఇతనే. ఎవరూ తరమలేదు, వాళ్లంతట వాళ్లే పరుగెత్తారు. సెనేట్ నుంచి బయటికి వచ్చిన ప్రతిసారీ టైబీరియస్ గ్రీకులో "బానిసత్వానికి ఎంత సిద్ధంగా ఉన్నారీ మనుషులు" అనేవాడట. ప్రజల స్వేచ్ఛ ఇష్టం లేనివాడికి కూడా ఆ అణకువ చూసి రోత పుట్టిందని టాసిటస్ వ్యాఖ్య.

అధికారి కాబోయేవాళ్లు చదవాల్సిన పేజీ అగ్రికోలా జీవితచరిత్రలో 42వ అధ్యాయం. అగ్రికోలా గెలిచి వచ్చాక డొమిషియన్‌కు ఆయన మీద కంటగింపు. పెద్ద రాష్ట్రానికి గవర్నర్ పదవి ఆయన వంతు వచ్చినా, నాకొద్దని మీరే చెప్పండి అని మనుషుల్ని పంపించాడు. అగ్రికోలా వద్దన్నాడు, చక్రవర్తి దయ చూపినట్టు ఒప్పుకుని కృతజ్ఞతలు కూడా చెప్పించుకున్నాడు. తాను గాయపరిచినవాణ్ణే ద్వేషించడం మనిషి నైజం అన్న వాక్యం అక్కడిదే. ఆ తర్వాత టాసిటస్ తీర్పు ఇస్తాడు: చెడ్డ పాలకుల కింద కూడా గొప్ప మనుషులు ఉండగలరు; అణకువతో పాటు పనితనం, పట్టుదల ఉంటే, రాజ్యానికి ఏ ఉపయోగమూ లేకుండా ఆర్భాటంగా చచ్చిపోయినవాళ్లకు వచ్చినంత కీర్తి వాళ్లకూ వస్తుంది.

ఉద్యోగంలో ఉండి మంచి చేయాలనుకునే ప్రతి అధికారికీ ఇది ఊరటనిచ్చే మాట. ఇక్కడితో ఆపితే మాత్రం ప్రమాదం. ఊరికే తల దించుకున్నవాడికి కూడా ఇది సాకైపోతుంది. అందుకే మూడు అధ్యాయాలు దాటి 45వది కూడా చదివించాలి. అగ్రికోలా క్రీ.శ. 93లో పోవడం వల్ల తర్వాతి ఘోరాలు చూడలేదంటూ, "హెల్విడియస్‌ను జైలుకు ఈడ్చుకెళ్లింది మన చేతులే" అంటాడు టాసిటస్. హెల్విడియస్, సెనేసియో ఇద్దరూ డొమిషియన్ కాలంలో చంపబడ్డ సెనేటర్లు. ఆ సెనేసియో రక్తం మన మీద పడిందంటాడు. ఎవరో చేశారనలేదు, సెనేటర్లమైన మనం అన్నాడు, తనను తీసి పక్కన పెట్టుకోలేదు. ఒకే పుస్తకంలో, మూడు అధ్యాయాల తేడాలో, ఈ రెండు మాటలూ ఉన్నాయి. చెడ్డ పాలన కింద పనిచేయవచ్చు అన్నవాడే, అలా పనిచేసిన చేతులకు ఏం అంటుకుందో కూడా రాశాడు. నీరో తల్లిని చంపించినప్పుడు సెనేట్ దేవుళ్లకు మొక్కులు తీర్మానిస్తుంటే లేచి వెళ్లిపోయిన థ్రాసియా పీటస్ గురించి కూడా, తనకు ప్రమాదం తెచ్చుకున్నాడు గానీ మిగతావాళ్లకు స్వేచ్ఛ మొదలవలేదు అని రాశాడు. మెచ్చుకోలు, అనుమానం రెండూ ఉన్నాయి అందులో. నా మటుకు నాకు థ్రాసియా లేచి వెళ్లడమే సరి అనిపిస్తుంది. నాలాగే అనుకోమని మీ విద్యార్థులకు చెప్పనక్కర్లేదు, వాళ్లను వాదించుకోనివ్వండి.

మన నేల మీద ఈ కథకు ఒక కొస ఉంది. శాతవాహనుల కాలపు రోమన్ వాణిజ్యం మీద బిట్ ఎలాగూ చెబుతారు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్‌వీ, టైబీరియస్‌వీ ఉన్నాయి. నగలూ రత్నాల కోసం మన డబ్బు పరాయి జాతులకు పోతోందని క్రీ.శ. 22లో సెనేట్‌కు ఉత్తరం రాసినవాడు ఈ టైబీరియస్సే. మూడేళ్ల తర్వాత, అదే టైబీరియస్ పాలనలో, క్రెముటియస్ కోర్డస్ అనే చరిత్రకారుణ్ణి విచారించారు. తన చరిత్రలో సీజర్‌ను చంపిన బ్రూటస్‌ను పొగిడి, ఆ హత్యలో అతనితో ఉన్న కాసియస్‌ను (పైన చెప్పిన న్యాయశాస్త్రవేత్త కాదు) చివరి రోమన్ అన్నాడన్నది నేరం. "నా చేతల్లో తప్పు దొరకలేదు కాబట్టే నా మాటల మీద కేసు పెట్టారు" అని సెనేట్‌లో చెప్పి ఇంటికెళ్లి, అన్నం మానేసి ప్రాణం వదిలాడు. పుస్తకాలు కాల్చమన్నారు. కూతురు మార్సియా కొన్ని ప్రతులు కాపాడింది, అవి తర్వాత మళ్లీ బయటికి వచ్చాయి. నాణెం ఒక పేపర్‌లో, కోర్డస్ ఎక్కడా లేకుండా మన పిల్లలు చదువుతున్నారు. నాణెం మీద బొమ్మ చూపించినప్పుడు రెండు నిమిషాలు ఆ మనిషి గురించి కూడా చెప్పండి.

టైమ్ ఎక్కడుంది సార్, సిలబస్ అవ్వాలి, టెస్ట్ సిరీస్ మొదలవుతుంది అంటారు. మీ టెన్షన్ నాకు తెలుసు. అయినా ముప్పై కోట్స్ ఇచ్చే చోట ఆరు ఇచ్చి, ఒక్కొక్కదానికి ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు అని రెండు లైన్లు చేర్చండి. మార్కుల లెక్కలో కూడా నష్టం లేదు. నలుగురూ రాసే కోట్ పక్కన దాని సందర్భం తెలిసి రాసినవాడి పేపర్ తేడాగానే కనబడుతుంది.

ఒక్క గంట పెడానియస్ కేసుకు ఇవ్వండి. సగం క్లాసు కాసియస్ పక్షం, సగం క్లాసు ఆ రోజు లేచి మాట్లాడనివాళ్ల పక్షం. గొణిగినవాళ్లు ఏం మాట్లాడి ఉండాల్సిందో వాళ్ల చేత మాట్లాడించండి. మరో గంట అగ్రికోలా 42, 45 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదివించండి. ఈ భాగాలన్నీ తేలిక తెలుగులో రాసి, ప్రింట్ తీసుకునేలా తయారుచేసి పెట్టాను. ఏ సెంటర్‌వాళ్లు అడిగినా పంపిస్తాను, డబ్బు అక్కర్లేదు. కొత్త మెయిన్స్ బ్యాచ్ మొదలయ్యేలోపు అడిగితే మీకూ చదువుకోవడానికి వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి, ఒక చరిత్ర పాఠకుడు